గీజరు మార్చే ముందు బకెట్లు లెక్కపెట్టండి

హైదరాబాద్‌లో వేడినీళ్ల ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు నేరుగా దుకాణానికి వెళ్తారు. అంతకన్నా ముందు వంటింటి థర్మామీటరు ఒకటి పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లాలి. స్నానానికి కలుపుకున్న బకెట్టులో ఎన్ని లీటర్లున్నాయి, ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, నల్లా నీళ్లు విడిగా ఎంత చల్లగా ఉన్నాయి, ఈ మూడూ రాసుకోండి. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే మేడమీద ట్యాంకు నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒంటికి హాయిగా ఉండే వేడి 40 డిగ్రీలు.

లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్లు కావాలో వస్తుంది. 20 లీటర్ల బకెట్టు 20 డిగ్రీలు పెరగాలంటే 400ను 860తో భాగించాలి, అర యూనిట్ కూడా కాదు. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్టుకు రోజుకు 1.9 యూనిట్లు. షవరు కింద పది నిమిషాలు నిలబడే అలవాటుంటే ఒక్కరికే 80 లీటర్లు, అంటే ఆ నలుగురి ఖర్చూ ఒక్కరిదే. ఈ లెక్క తేలకుండా ఏది కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

కాయిల్ ఉన్న గీజరు, అది ఏ కంపెనీదైనా, తీసుకున్న కరెంటంతా వేడిగానే మారుస్తుంది. కాబట్టి ‘తక్కువ కరెంటు తినే కాయిల్’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. గీజరుకూ గీజరుకూ తేడా వచ్చేది నిల్వ ఉన్న నీళ్ల నుంచి ఎంత వేడి బయటికి పోతుందన్న దగ్గరే. స్టార్ లేబుల్ మీద స్టాండింగ్ లాస్ అని ఉండే అంకె అదే. నీళ్లు బయటి గాలికన్నా 45 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, 24 గంటల్లో ఎన్ని యూనిట్లు ఊరికే పోతాయో అది చెబుతుంది. నక్షత్రాలకన్నా ఈ అంకెను పోల్చి చూడటం మేలు.

బిల్లులో స్లాబు

2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే ఆ మొదటి 200 కూడా 5.10కి మారిపోతాయి, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు. మామూలుగా 190 యూనిట్లు వాడే ఇల్లు చలికాలంలో గీజరు వల్ల 250కి వెళ్లిందనుకోండి. ఎనర్జీ చార్జీ 772 నుంచి 1,405కు పోతుంది. పెరిగిన 60 యూనిట్లకు 633 రూపాయలు, అంటే యూనిట్ పదిన్నర పైనే. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటికి దెబ్బ ఇంకా గట్టిది. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

అందుకే 200 గీతకు అటూ ఇటూ ఊగే ఇంటికి నెలకు 30 యూనిట్లు తగ్గించడమే పెద్ద లాభం. దానికి కొత్త యంత్రం అక్కర్లేకపోవచ్చు.

ఉన్న గీజరుతో ముందు చేయాల్సినవి

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మిగతావన్నీ ఆపేసి (ఫ్రిజ్ కూడా), మీటరు రీడింగు రాసుకుని గీజరు వేయండి. లైటు ఆరేదాకా ఎంత తిరిగిందో చూడండి. 25 లీటర్ల గీజరు 20 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 1.16 యూనిట్లు తీసుకోవాలి, 2,000 వాట్ల కాయిల్‌కు 35 నిమిషాలు పట్టాలి. గంట దాటుతోందంటే కాయిల్ మీద సున్నం పేరుకుపోయి వేడెక్కి కటాఫ్ మాటిమాటికీ పడుతున్నట్టు, లేదా వోల్టేజీ బాగా తక్కువ వస్తున్నట్టు.

తర్వాత థర్మోస్టాట్. చాలా ఇళ్లలో అది 70, 75 మీద ఉంటుంది, ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. రోజూ వేసి, స్నానాలవగానే ఆపేసే గీజరుకు 50 నుంచి 55 చాలు. రోజంతా ఆన్‌లో పెట్టి నీళ్లు నిల్వ ఉంచే పద్ధతైతే మాత్రం 60 ఉంచండి, గోరువెచ్చని నిల్వ నీళ్లలో లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. మొదటి పద్ధతే మంచిది. స్నానానికి అరగంట ముందు వేసి, వరసగా అందరూ చేసి, ఆపేయాలి. పొద్దున ఆరింటికొకరు, తొమ్మిదికొకరు చేసే ఇంట్లో గీజరు రెండుసార్లు వేయడంలో తప్పులేదు. మధ్యలో ఆపకుండా వదిలేయడమే దండగ.

గీజరు బయటి పెట్టెకు చెయ్యి ఆనిస్తే వేడి తెలుస్తోందంటే లోపలి ఫోము చెడిందన్నమాట. పదేళ్లు దాటిన గీజరైతే మార్చేయండి. గీజరు నుంచి నల్లాకు వెళ్లే పైపు గోడ బయట ఉంటే దానికి 9 లేదా 13 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు గొట్టం తొడగండి, మీటరు యాభై, వంద రూపాయల పని.

చల్లనీళ్లు గీజరులోకి వెళ్లే దగ్గరుండే సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు కారతాయి. వేడికి వ్యాకోచించిన నీళ్లవి. కారుతోందని దానికి మూత బిగించే మహానుభావులున్నారు, దాంతో ట్యాంకు పగలడమే తరువాయి. ఆ వాల్వుకూ గీజరుకూ మధ్య ఇంకో గేట్ వాల్వు కూడా పెట్టకూడదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా ఏ వేడినీళ్ల యంత్రమూ ఉండకూడదు. 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు పెట్టించండి.

నీళ్లు ఎక్కడివి?

మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇంటికీ బోరు, ట్యాంకరు మీద బతికే ఇంటికీ ఒకే యంత్రం పనికిరాదు. హైదరాబాద్‌లో సోలార్ హీటర్లు పాడైపోవడానికి మొదటి కారణం ఎండ కాదు, సున్నం.

టీడీఎస్ మీటరు ముంచి చూసి నిర్ణయానికి రాకండి. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుంది. మనకు కావాల్సింది టోటల్ హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియం. అక్వేరియం దుకాణాల్లో దొరికే చుక్కల కిట్టుతో ఇంట్లోనే చూడొచ్చు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములను మేలైన హద్దుగా, వేరే దారి లేకపోతే 600 వరకు ఓర్చుకోదగ్గదిగా పెట్టింది. వేడినీళ్ల యంత్రానికి 200 దాటగానే జాగ్రత్త మొదలవ్వాలి. నీళ్లు 60 డిగ్రీలు దాటేకొద్దీ సున్నం వేగంగా దిగుతుంది కాబట్టి, బోరు నీళ్ల ఇంట్లో థర్మోస్టాట్ తగ్గించడం యంత్రం ఆయుష్షుకు కూడా మంచిది.

ట్యాంకు లోపలి లోహమూ నీళ్లను బట్టే ఎంచుకోవాలి. బోరు నీళ్లలో క్లోరైడు ఎక్కువగా ఉంటే 304 రకం స్టీలుకు సూదిమొన రంధ్రాలు పడతాయి. అలాంటిచోట గాజుపూత ట్యాంకు గానీ 316ఎల్ స్టీలు గానీ అడగండి. గాజుపూత ట్యాంకులో మెగ్నీషియం యానోడ్ రాడ్ ఉంటుంది. ట్యాంకు బదులు తనే తుప్పుపట్టి అరిగిపోవడం దాని పని. బోరు నీళ్లలో ఏడాదికోసారి విప్పి చూసి, సగానికి పైగా అరిగితే మార్చాలి. మూడువందల నుంచి వెయ్యి రూపాయల ఈ కడ్డీని పట్టించుకోకే ట్యాంకులు పోతాయి.

సోలార్: మేడ మీది పని

గాజు గొట్టాల ఈటీసీ, రాగి గొట్టాల పలక ఎఫ్‌పీసీ, రెండు రకాలున్నాయి. ఎఫ్‌పీసీ గట్టిది, కానీ సన్నని రాగి గొట్టాల్లో సున్నం పేరుకుంటే ఒక్కొక్కటే మూసుకుపోతాయి, నీళ్లు తిరగవు. నల్లా నీళ్లుంటే, లేదా హీట్ ఎక్స్‌చేంజర్ (గొట్టాల్లోని నీళ్లు, వాడుకునే నీళ్లు కలవకుండా వేడిని మాత్రం అందించేది) ఉన్న రకమైతేనే అది తీసుకోండి. బోరు నీళ్లకు ఈటీసీ నయం. 58 మిల్లీమీటర్ల గొట్టంలో సున్నం అడుగుకు దిగి కూర్చుంటుంది, గొట్టం తీసి కడుక్కోవచ్చు.

ఎన్ని లీటర్లది? 60 డిగ్రీల నీళ్లు, 20 డిగ్రీల నీళ్లు సమానంగా కలిపితే 40 డిగ్రీలవుతాయి. అంటే బకెట్టులో వేడినీళ్లు సగమే. నలుగురికి తలా బకెట్టైతే 40 లీటర్లు చాలు, గిన్నెలకు, తలస్నానాలకు కలిపినా 100 లీటర్ల సిస్టమ్ మిగులుతుంది. షవర్లుంటే 150 నుంచి 200. భోగినాడు ఇంటిల్లిపాదీ తలంటుకుంటే సరిపోదని 300 లీటర్లది అంటగడతారు. ఏడాదికి ఒక్క పొద్దుటి కోసం అంత ట్యాంకు వద్దు, ఆ రోజుకు పాత గీజరు ఉండనే ఉంది. 100 లీటర్ల ఈటీసీకి 58 బై 1800 మిల్లీమీటర్ల గొట్టాలు పది ఉండాలి. లీటర్లు ఎక్కువ చెప్పి గొట్టాలు తక్కువ ఇస్తే నీళ్లు గోరువెచ్చగానే మిగులుతాయి, బేరం దగ్గర లెక్కపెట్టాల్సింది గొట్టాలనే.

చోటు చూసేటప్పుడు వేసవిలో కాదు, డిసెంబరులో ఎండ ఎలా పడుతుందో చూడాలి. డిసెంబరు 21న హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణాన పదడుగుల గోడ ఉంటే మధ్యాహ్నం దాని నీడ ఎనిమిదిన్నర అడుగులు, పొద్దున తొమ్మిదికి ఇంకా ఎక్కువే. పక్కవాళ్లు ఇంకో అంతస్తు వేసే సూచనలుంటే అదీ లెక్కలోకి తీసుకోండి. గొట్టాలు దక్షిణానికి చూడాలి, వాలు 27 నుంచి 30 డిగ్రీలు. మన అక్షాంశం 17 డిగ్రీలే అయినా, వేడినీళ్లు అవసరమయ్యేది చలికాలంలో కాబట్టి పది డిగ్రీలు ఎక్కువ వంచుతాం.

బిగించే వరుస ఇది. 200 లీటర్ల సిస్టమ్ నీళ్లతో పావు టన్ను దాటుతుంది, కాబట్టి స్టాండు కాళ్లు దూలాల మీదో గోడల మీదో పడేలా సిమెంటు దిమ్మెలు పోయించండి. స్లాబుకు రంధ్రాలు వేయనివ్వకండి, వచ్చే వానాకాలం కింది గదిలో చెమ్మ దిగుతుంది. చల్లనీళ్ల సింటెక్స్ ట్యాంకు అడుగుభాగం, సోలార్ ట్యాంకు నెత్తికన్నా కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. మెట్ల గది కప్పు మీద సింటెక్స్ ఉంటే ఇబ్బంది లేదు. అది కూడా డాబా మీదే ఉంటే సుమారు ఆరడుగుల స్టాండు ఎక్కించాల్సి వస్తుంది. సోలార్ ట్యాంకు నుంచి పైకి లేచే గాలి గొట్టం సింటెక్స్‌లో నీటి మట్టాన్ని దాటి పైకి పోవాలి, దానికి వాల్వు ఉండకూడదు. అది మూసుకుపోతే నీళ్లు దిగేటప్పుడు ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది.

పైపులు సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 రకం వాడాలి. మామూలు పీవీసీ, యూపీవీసీ వేడికి మెత్తబడి ఉబ్బుతాయి. సైజు దగ్గర ఆశపడకండి. ముప్పావు ఇంచీ పైపు మీటరులో పావు లీటరు నీళ్లు నిలుస్తాయి, ఇంచీ పైపులో 0.43 లీటరు. ఇరవై మీటర్ల ఇంచీ పైపంటే వేడినీళ్లు వచ్చేలోపు ఎనిమిదిన్నర లీటర్లు చల్లగానే వస్తాయి. ఐదో అంతస్తు మేడ మీంచి మొదటి అంతస్తుకు లైను దించుకునే అపార్ట్‌మెంట్‌వాళ్లు ముందు ఈ గుణకారం చేయాలి, తర్వాత అసోసియేషన్ అనుమతి సంగతి చూడాలి. బయటి పైపుకు తొడిగిన నైట్రైల్ ఫోముపై అల్యూమినియం రేకో, ఎండను తట్టుకునే టేపో చుట్టించండి. వట్టి ఫోము రెండు వేసవుల్లో పొడిపొడిగా రాలిపోతుంది.

మొదటిసారి నీళ్లు నింపడం సూర్యోదయానికి ముందో, అస్తమించాకో చేయాలి. ఎండలో ఖాళీగా కాగిన గొట్టాల్లోకి చల్లనీళ్లు వదిలితే టపటపా పగులుతాయి. వేసవిలో బోరు ఎండి రెండు రోజులు ట్యాంకు ఖాళీ అయినా ఇదే ప్రమాదం, నీళ్లు వచ్చాక రాత్రి నింపండి.

పాత గీజరును తీసి పారేయకండి. సోలార్ నీళ్లు గీజరు గుండా వెళ్లేలా కలిపి, పక్కనుంచి బైపాస్ పెట్టి మూడు వాల్వులు వేయిస్తే సరిపోతుంది. జులై, ఆగస్టు ముసురులో గీజరు దారి, మిగతా రోజుల్లో బైపాస్. సోలార్ ట్యాంకులోనే కాయిల్ పెట్టించుకుంటే ఒక్క బకెట్టు కోసం 200 లీటర్లూ కాగాలి.

‘సోలార్ పెట్టించాం, నీళ్లు కాగట్లేదు’ అన్న ఇంటికి వెళ్లి చూస్తే చాలాసార్లు తప్పు మేడ మీద ఉండదు, బాత్రూమ్‌లో ఉంటుంది. మిక్సరు నల్లాకు వేడి, చల్లని వాల్వులు రెండూ తెరిచి, చివర షవరు దగ్గర మాత్రం కట్టేస్తే, ఎక్కువ ప్రెషరున్న చల్లనీళ్లు వేడి లైనులోకి ఎదురెక్కుతాయి. ఇంట్లో చల్లనీళ్లకు ప్రెషర్ పంపు ఉంటే ఇది ఖాయం. వేడినీళ్లు గాలి గొట్టంలోంచి మేడ మీద పారిపోతాయి కూడా. ప్రతి మిక్సరు వేడి లైనుకూ నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను ఎదురెక్కనివ్వనిది) పెట్టించాలి. ప్రెషర్ పంపు ఉన్న ఇంటికి ప్రెషర్ రకం ట్యాంకే తీసుకోవాలి, మామూలు ఈటీసీ గొట్టాల రబ్బరు రింగులు ఆ ఒత్తిడికి కారిపోతాయి.

గొట్టం అడుగున వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే లోపలి శూన్యం పోయింది, ఆ గొట్టం మార్చాలి. ఏప్రిల్, మేలలో ట్యాంకు నీళ్లే కాగి వస్తాయి కదా, అప్పుడు సగం గొట్టాలకు గోనెసంచులు కప్పండి. కప్పకపోతే నీళ్లు 80 దాటి కాగి, సున్నం మరీ వేగంగా దిగుతుంది. దీపావళికి ముందొకసారి దుమ్ము తుడిచి, అడుగు డ్రెయిన్ తెరిచి బురదనీళ్లు వదిలేయాలి.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ (ఒక కిలోవాటుకు 30,000, మూడు కిలోవాట్లు, ఆపైన 78,000) కరెంటు తీసే పలకలకే, ఈ హీటర్లకు రాదు. అయితే బోరు నీళ్లు మరీ కఠినమై, మేడ మీద చోటున్న సొంతింటికి నిజంగా నప్పేది ఆ పలకలే. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఏడాది పొడవునా వస్తుంది, చలికాలంలో గీజరుకు, వేసవిలో ఏసీకి పనికొస్తుంది, పలకలకు సున్నం బెడద ఉండదు.

హీట్ పంపు ఎవరికి?

ఏసీని తిరగేసినట్టు గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది. మన వాతావరణంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. 200 లీటర్లు 20 నుంచి 55 డిగ్రీలకు రావాలంటే గీజరుకు 8.1 యూనిట్లు, దీనికి 2.7. కాకపోతే 700 వాట్ల పంపుకు నాలుగు గంటలు పడుతుంది, మీట వేయగానే నీళ్లు కావాలంటే కుదరదు.

ధర లక్షకు అటూ ఇటూ. తలా బకెట్టు పోసుకునే నలుగురికి ఇది రోజుకు 1.2 యూనిట్లు, అంటే పది రూపాయలు మిగులుస్తుంది, కొనవద్దు. ఎనిమిది మంది ఉండి షవర్లు వాడే ఇంట్లో రోజుకు 400 లీటర్ల గోరువెచ్చని నీళ్లనుకుంటే, గీజరుకు 9.3 యూనిట్లు, పంపుకు 3.1. 400 దాటిన స్లాబులో యూనిట్ 9.50 చొప్పున నెలకు 1,750 దాకా మిగులుతుంది, ఏడాదిలో పది నెలలు వాడితే ఆరేళ్లలోపు తీరిపోతుంది. అమీర్‌పేట, మాదాపూర్ పీజీ హాస్టళ్లకైతే ఇంకా ముందే.

గాలి ఆడే యుటిలిటీ బాల్కనీలో పెట్టాలి. మూసిన గదిలో పెడితే తను చల్లబరిచిన గాలినే మళ్లీ పీల్చుకుని గంటలు గంటలు తిరుగుతుంది. కారే నీళ్లకు వాలున్న డ్రెయిన్ పైపు కావాలి. ఏసీ బయటి యూనిట్‌లా మోత ఉంటుంది, పడకగది గోడకు ఆనించకండి. రవాణాలో పడుకోబెట్టి తెస్తే నిలబెట్టి, ఫ్రిజ్‌కు ఆగినట్టే కొన్ని గంటలు ఆగాకే కరెంటివ్వాలి. టైమరు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య పెట్టండి. చలికాలంలో తెల్లవారుజామున గాలి 15 డిగ్రీలుంటే మధ్యాహ్నం 28 ఉంటుంది, అదే పనికి తక్కువ కరెంటు. వారానికోసారి 60 డిగ్రీలకు కాగే సెట్టింగు ఉంటే ఆన్ చేసి ఉంచండి. కఠిన నీళ్లకైతే కండెన్సర్ గొట్టం నీళ్లలో మునగకుండా ట్యాంకు బయట చుట్టి ఉన్న రకమే అడగండి.

గ్యాస్ గీజరు ఖర్చులో కరెంటు గీజరుకు దగ్గర దగ్గరగానే ఉంటుంది. 14.2 కిలోల సిలిండరు నుంచి నీళ్లలోకి చేరే వేడి 140 యూనిట్ల పైచిలుకు. కానీ దాన్ని బాత్రూమ్ లోపల పెట్టకూడదు. తలుపు మూసి స్నానం చేస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా మనిషిని పడేస్తుంది. బయట గోడకు, గాలి పారేచోటే పెట్టాలి.

కొటేషను తీసుకునేటప్పుడు కాగితం మీద రాయించుకోవాల్సినవి: గొట్టాల సంఖ్య, కొలత, ట్యాంకు లోపలి లోహం, పైపు రకం, మీటర్లు, ఫోము మందం, నాన్ రిటర్న్ వాల్వులు ఎన్ని, దిమ్మెలు ఎవరు పోస్తారు, గ్యారంటీ ట్యాంకుకు విడిగా, గొట్టాలకు విడిగా ఎన్నేళ్లు. అడుగున సన్న అక్షరాల్లో ‘కఠిన జలాలకు గ్యారంటీ వర్తించదు’ అని ఉందేమో చూసి, ఉంటే మీ హార్డ్‌నెస్ అంకెను పక్కనే రాసి సంతకం పెట్టమనండి.